చేతిలోని సాక్షి

ప్రక్రియ: వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రజారోగ్యానికి పెనుముప్పు వాటిల్లినప్పుడు ప్రభుత్వం పౌరుల ఫోన్ల ద్వారా వారి కదలికలను తెలుసుకోవచ్చునా? తెలుసుకుంటే ఎంతవరకు, ఎంతకాలం? ఈ ప్రశ్నలను 2020 నాటి కోవిడ్ అనుభవం ఆధారంగా పరిశీలించడం, రాజ్యాంగం ప్రసాదించిన గోప్యతా హక్కును గురించి విద్యార్థులకు అవగాహన కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

రాజును చారచక్షువు అన్నారు మన పూర్వులు. సామాన్యుడికి కన్నులు రెండే. రాజుకు మాత్రం రాజ్యంలోని చారులందరూ కన్నులే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగరపాలనను గురించిన అధ్యాయం చదివితే ఆ కన్నులు ఎంతదూరం చూసేవో తెలుస్తుంది. ఇంటికి కొత్తవారు వచ్చినా, ఇంట్లోనివారు వెళ్ళినా గృహస్థు అధికారులకు తెలపాలి. రహస్యంగా గాయానికి చికిత్స చేయించుకున్నవాని సంగతి వైద్యుడు దాచరాదు. అగ్ని, వరద, దుర్భిక్షం మొదలైన ఎనిమిది దైవిక భయాలలో వ్యాధినీ ఒకటిగా లెక్కించి, వాటి నుండి ప్రజలను కాపాడడం రాజధర్మమని చెప్పినదీ ఆ గ్రంథమే. తెలుగులో ‘కనిపెట్టు’ అనే క్రియకు ఈ రెండు ఛాయలూ ఉన్నాయి. దొంగను కనిపెట్టడం ఒకటి, పసిబిడ్డను కనిపెట్టుకొని ఉండడం మరొకటి. పాలకుడు ప్రజలను కనిపెట్టి ఉన్నప్పుడు అది ఏ అర్థంలో అన్నదే ఈ పాఠంలో మనం విచారించవలసిన విషయం.

ఆనాటి చారుడు మనిషి. అతడు ఒక వీథిలో ఉంటే మరొక వీథిలో ఉండలేడు. అలసిపోతాడు, నిద్రపోతాడు, మరచిపోతాడు. నేటి చారుడికి ఈ బలహీనతలేవీ లేవు. అతణ్ణి మనమే డబ్బిచ్చి కొని, జేబులో పెట్టుకొని తిరుగుతున్నాం.

సెల్‌ఫోన్ మనం మాట్లాడనప్పుడు కూడా సమీపంలోని టవరుతో సంబంధం నిలుపుకొంటూనే ఉంటుంది. అలా నిలుపుకోకపోతే మనకు వచ్చే పిలుపును ఏ టవరు ద్వారా అందించాలో కంపెనీకి తెలియదు. కనుక ఫోన్ ఏ సమయంలో ఏ టవరు పరిధిలో ఉన్నదో కంపెనీ తెలుసుకోగలదు. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోన్ చేశారో తెలిపే కాల్ వివరాల పట్టిక కూడా కంపెనీ వద్ద ఉంటుంది. ఉపగ్రహాల సహాయంతో పనిచేసే జీపీఎస్, ఫోన్ ఉన్న చోటును కొద్ది మీటర్ల తేడాతో చెప్పగలదు. బ్లూటూత్ అనే స్వల్పదూర సంకేతాల ద్వారా ఒక ఫోన్ తన దగ్గరలో ఉన్న మరొక ఫోన్‌ను గుర్తించగలదు. వీటిలో ఏ ఒక్కటీ మన మాటలను వినదు. కాని ఒక వ్యక్తి నెల రోజుల రాకపోకలను వరుసగా పేర్చి చూస్తే, అతడు ఏ ఆసుపత్రికి వెళ్ళాడో, ఏ సభకు హాజరయ్యాడో, ఏ రాత్రి ఎవరింట ఉన్నాడో తెలిసిపోతుంది. మాట వినకుండానే మనసు చదవగల సాక్షి ఇది.

వ్యాధి నెపంతో ప్రభుత్వం ప్రజల ఇళ్ళలోకి చొరబడడం మన దేశానికి కొత్త కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. మరుసటి సంవత్సరం ఆంగ్ల ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. వ్యాధిని అరికట్టడానికి అవసరమని తోచిన ఏ చర్యనైనా తీసుకొనే అధికారాన్ని అది అధికారులకు ఇచ్చింది. ఆ చట్టం ప్రకారం సద్బుద్ధితో చేసిన పనులకు అధికారులపై దావా వేయడానికి వీలులేదు. పూనాలో సైనికులు ఇళ్ళలో సోదాలు జరిపి, రోగులను, అనుమానితులను తరలించారు. ప్రాణం కాపాడడానికి వచ్చినవారిని ప్రజలు శత్రువులుగా చూశారు. ఆగ్రహం పెచ్చుపెరిగి, 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపే వరకు వెళ్ళింది. నమ్మకం లేని చోట వైద్యమూ దండనగానే కనిపిస్తుందన్న పాఠాన్ని ఆ చరిత్ర మనకు నేర్పుతున్నది. 2020లో కోవిడ్‌ను ఎదుర్కోవడానికి రాష్ట్రాలు ఆశ్రయించిన చట్టాలలో ఈ 1897 నాటి చట్టం కూడా ఉన్నది.

స్వతంత్ర భారతంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, దానికి దూరదృష్టితో సమాధానం చెప్పినవారు ఒక తెలుగు న్యాయమూర్తి. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అనే వ్యక్తిపై మోపిన దోపిడీ కేసు సాక్ష్యాలు లేక వీగిపోయింది. అయినా పోలీసులు అతణ్ణి విడిచిపెట్టలేదు. అర్ధరాత్రి తలుపు తట్టేవారు, అతని రాకపోకలను కనిపెట్టేవారు. 1962 డిసెంబరులో తీర్పు చెప్పిన ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాత్రివేళ ఇంటికి రావడం చెల్లదన్నది. కాని గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదని మెజారిటీ న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు దీనితో విభేదించారు. జస్టిస్ జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమని, అడుగడుగునా పోలీసు చూపు వెన్నాడుతున్న మనిషికి కాళ్ళకు సంకెళ్ళు లేకపోయినా దేశమంతా కారాగారమే అవుతుందని సుబ్బారావు భావించారు. సెల్‌ఫోన్ అన్న ఊహే లేని కాలంలో వెలువడిన అభిప్రాయం ఇది.

ఆ అల్పసంఖ్యాక అభిప్రాయం నెగ్గడానికి 54 ఏళ్ళకు పైగా పట్టింది. ఈ నడుమ 1996లో ఫోన్ సంభాషణలను రహస్యంగా వినడంపై సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రజా అత్యవసర పరిస్థితిలో గాని, ప్రజాభద్రత కోసం గాని మాత్రమే అందుకు ఆదేశించవచ్చునని, ఆ ఆదేశాన్ని ఉన్నతాధికారి జారీ చేయాలని, దానికి రెండు నెలల గడువు ఉండాలని, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటరాదని నిర్దేశించింది. చివరకు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి దాఖలు చేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. సుబ్బారావు నాటిన విత్తనం ఆ రోజు ఫలించింది.

అయితే ఈ హక్కు హద్దులు లేనిది కాదు. ప్రభుత్వం దానిలో జోక్యం చేసుకోవాలంటే మూడు నియమాలు పాటించాలని ఆ తీర్పు చెప్పింది. మొదటిది, ఆ జోక్యానికి ఒక చట్టం ఆధారంగా ఉండాలి. రెండవది, దానికి న్యాయసమ్మతమైన ప్రయోజనం ఉండాలి. మూడవది, తీసుకొనే చర్య ఆ ప్రయోజనానికి తగిన పాళ్ళలో ఉండాలి. పిచ్చుకపై బ్రహ్మాస్త్రం ప్రయోగించరాదన్న లోకోక్తిలోని న్యాయమే ఇది. అంటువ్యాధుల ప్రస్తావన కూడా ఆ తీర్పులో వచ్చింది. వ్యక్తి ఎవరో బయటపడకుండా కాపాడినట్లయితే, ప్రజారోగ్య రక్షణ కోసం ఆసుపత్రుల సమాచారాన్ని ప్రభుత్వం వినియోగించుకోవడం సమంజసమేనన్న భావం అందులో వ్యక్తమైంది. మూడేళ్ళయినా తిరగకముందే ఈ సూత్రాలకు పరీక్షాకాలం వచ్చింది.

2020లో కోవిడ్ ప్రపంచాన్ని చుట్టుముట్టింది. రోగికి లక్షణాలు కనిపించకముందే వ్యాధి ఇతరులకు సోకుతుండడం దాని స్వభావం. రోగి గత కొన్ని రోజులలో ఎవరిని కలిశాడో వెంటనే తెలిస్తే వారిని హెచ్చరించవచ్చు, పరీక్షించవచ్చు. జ్ఞాపకం మీద ఆధారపడితే బస్సులో పక్కన కూర్చున్న అపరిచితుని పేరు ఎవరు చెప్పగలరు? అందుచేత ప్రభుత్వాల దృష్టి ఫోన్లపై పడడం సహజం. ఆ అవసరాన్ని కొట్టివేయడం న్యాయం కాదు. ఆ అవసరాన్ని ఏ దేశం ఎలా తీర్చుకున్నదన్నది పరిశీలించవలసిన సంగతి.

దక్షిణ కొరియా 2015లో మెర్స్ వ్యాధి వల్ల 38 మందిని పోగొట్టుకున్నది. ఆ అనుభవంతో రోగుల ఫోన్, క్రెడిట్ కార్డు వివరాలను ఆరోగ్యశాఖ సేకరించడానికి చట్టం చేసుకున్నది. 2020లో దానివల్ల రోగుల జాడ త్వరగా తెలిసింది. కాని రోగుల వయసు, లింగం, వారు ఏ గంటలో ఎక్కడ ఉన్నారన్న వివరాలను కూడా బహిరంగంగా ప్రకటించడంతో, పేరు చెప్పకపోయినా ఇరుగుపొరుగువారు వారెవరో పోల్చుకోసాగారు. మార్చి 9న ఆ దేశపు మానవహక్కుల సంఘం దీనిపై ఆందోళన తెలిపింది. మే నెలలో సియోల్ నగరంలోని ఇతేవన్ ప్రాంతపు క్లబ్బుల నుండి వ్యాధి వ్యాపించింది. టవరు సమాచారం ద్వారా ఆ పరిసరాలలో ఉన్న పదివేల మందికి పైగా వ్యక్తులను గుర్తించారు. ఆ క్లబ్బులలో కొన్ని సమాజం చిన్నచూపు చూసే లైంగిక అల్పసంఖ్యాకులు కలుసుకొనే చోట్లు. పరీక్షకు వస్తే తమ రహస్యం బట్టబయలవుతుందని, ఉద్యోగం పోతుందని చాలామంది వెనుకాడారు. అప్పుడు నగర పాలకులు పేరు చెప్పనవసరం లేకుండా పరీక్ష చేయించుకొనే ఏర్పాటు చేశారు. ఆపై పరీక్షకు వచ్చేవారి సంఖ్య బాగా పెరిగింది. ఇక్కడ గోప్యత వైద్యానికి అడ్డు రాలేదు. రోగిని వైద్యుని దగ్గరకు నడిపించింది ఆ గోప్యతే.

ఇజ్రాయెల్ మార్గం వేరు. 2020 మార్చి మధ్యలో అక్కడి మంత్రివర్గం, ఉగ్రవాదులను పట్టుకొనే షిన్ బెట్ అనే భద్రతా సంస్థకు కోవిడ్ రోగుల ఫోన్ల ఆచూకీ తీసే పని అప్పగించింది. పార్లమెంటు ఆమోదానికి వేచి ఉండకుండా అత్యవసర నిబంధనల ద్వారా ఈ పని చేసింది. పౌరహక్కుల సంఘాలు న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి. ఏప్రిల్ 26న అక్కడి సుప్రీంకోర్టు, ఈ పద్ధతి కొనసాగాలంటే పార్లమెంటు చట్టం చేసి తీరాలని ఆదేశించింది. జూలైలో తాత్కాలిక చట్టం వచ్చింది. 2021 మార్చి 1న అదే న్యాయస్థానం, విచారణకు సహకరించని రోగుల విషయంలో తప్ప దీనిని వాడరాదని పరిమితం చేసింది. శత్రువు కోసం పదును పెట్టిన కత్తిని సొంత పౌరుని మీదికి తిప్పేటప్పుడు, చేయి పట్టుకొని నిలిపే వ్యవస్థ ఒకటి ఉండాలని ఈ ఉదంతం తెలుపుతున్నది.

సింగపూర్ అనుభవం మరొక విధమైనది. 2020 మార్చి 20న ట్రేస్‌టుగెదర్ అనే యాప్‌ను ప్రవేశపెట్టినప్పుడు, దాని సమాచారాన్ని రోగితో కలిసినవారిని గుర్తించడానికి మాత్రమే వాడుతామని ప్రభుత్వం చెప్పింది. ప్రజలు ఆ మాట నమ్మారు. 2021 జనవరిలో మాత్రం, నేరపరిశోధన కోసం పోలీసులు కూడా ఆ సమాచారాన్ని పొందవచ్చునని మంత్రి పార్లమెంటులో వెల్లడించారు. ఒక హత్య కేసులో వారు అప్పటికే దానిని ఉపయోగించారని తెలిసింది. విమర్శలు రావడంతో, ఏడు రకాల తీవ్ర నేరాలకు మాత్రమే దానిని పరిమితం చేస్తూ ఫిబ్రవరిలో చట్టం చేశారు. హంతకుణ్ణి పట్టుకోవడం తప్పా అని అడగవచ్చు. తప్పు కాదు. కాని ఒక పనికని తీసుకొన్నది మరొక పనికి వాడినప్పుడు, ఆ తరువాత ఇచ్చే ఏ మాటకూ పూర్వపు విలువ ఉండదు.

తప్పుకున్న దేశమూ ఉన్నది. నార్వే తన యాప్ ద్వారా ప్రజల కదలికల వివరాలను సేకరించి ఒకచోట నిలవచేసింది. అది అవసరానికి మించినదని అక్కడి సమాచార రక్షణ సంస్థ హెచ్చరించింది. 2020 జూన్‌లో యాప్‌ను ఆపి, సేకరించినదంతా తుడిచివేశారు. అదే నెలలో జర్మనీ మరొక పద్ధతిని అనుసరించింది. అక్కడి యాప్‌లో ఎదురుపడిన రెండు ఫోన్లు తరచూ మారే రహస్య సంఖ్యలను మార్చుకొని, వాటిని తమలోనే దాచుకొనేవి. వ్యక్తి పేరు గాని, తిరిగిన చోటు గాని ప్రభుత్వానికి చేరేది కాదు. ప్రాణరక్షణ, గోప్యత ఒకదానికొకటి శత్రువులు కావని ఈ రూపకల్పన చూపింది.

మన దేశంలో 2020 ఏప్రిల్ 2న ఆరోగ్యసేతు యాప్ వచ్చింది. అది బ్లూటూత్‌తో పాటు జీపీఎస్‌నూ ఉపయోగించింది. మే 1న కేంద్ర హోంశాఖ ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ దానిని తప్పనిసరి చేసింది. పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమేదీ దీనికి ఆధారంగా లేకపోవడంపై విమర్శలు వచ్చాయి. మే 11న సమాచార వినియోగానికి నియమావళి వెలువడింది. సేకరించిన సమాచారాన్ని సాధారణంగా 180 రోజులకు మించి ఉంచరాదని అందులో ఉన్నది. మే 17 నాటి ఉత్తర్వులో ‘తప్పనిసరి’ అన్న మాట సడలింది. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తు నిర్వహణ సంస్థ, ఇంటి నిర్బంధంలో ఉన్నవారు నిర్ణీత దూరం దాటి బయటకు వెళితే వారి ఫోన్ల ద్వారా తెలుసుకొనే ఏర్పాటు చేసింది. ఆగస్టులో కేరళ పోలీసులు రోగుల కాల్ వివరాలు సేకరించబూనినప్పుడు అభ్యంతరాలు వచ్చాయి. తమకు టవరు వివరాలు మాత్రమే చాలునని అక్కడి ప్రభుత్వం హైకోర్టుకు తెలిపింది. రోగి ఎక్కడ ఉన్నాడో తెలుసుకోవడం వేరు, ఎవరితో మాట్లాడాడో తెలుసుకోవడం వేరు. మొదటిది వ్యాధికి సంబంధించినది. రెండవదానితో వ్యాధికి సంబంధం లేదు. తగు పాళ్ళు అన్న నియమానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

“తప్పు చేయనివాడికి దాపరికమెందుకు?” అని కొందరు ప్రశ్నిస్తారు. దాపరికానికి, గోప్యతకు భేదం ఉంది. స్నానపు గదికి తలుపు పెట్టుకొనేది నేరం దాచడానికి కాదు. గర్భవతియైన స్త్రీ తన సంగతిని ఎవరికి ముందు చెప్పాలో తాను నిర్ణయించుకొంటుంది. క్షయరోగి తన వ్యాధిని యజమానికి చెప్పకపోవడం బ్రతుకుతెరువు కోసం. కోవిడ్ తొలినాళ్ళలో రోగి ఇంటిని వేలెత్తి చూపినవారు, అద్దెకున్నవారిని ఖాళీ చేయమన్నవారు మన మధ్యనే ఉన్నారు. ఆ రోజులలో ఒక మనిషి చిరునామా వెల్లడి కావడమంటే అతని కుటుంబమంతటికీ నీళ్ళు, పాలు, పలకరింపు కరువు కావడమే. రోగభయం కంటె లోకభయం పెద్దదైనప్పుడు జనం రోగాన్ని దాచుకొంటారు. దాచిన రోగం ఊరంతా పాకుతుంది.

2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. మహమ్మారి వేళ వైద్యసేవలు అందించడానికి వ్యక్తి సమ్మతి లేకుండానే అతని సమాచారాన్ని వినియోగించే వీలు దానిలో ఉన్నది. దేశభద్రత వంటి కారణాలపై కొన్ని ప్రభుత్వ సంస్థలను ఆ చట్టం నుండి మినహాయించే అధికారమూ కేంద్రానికి ఉన్నది. కనుక చట్టం వచ్చినంత మాత్రాన పౌరుడు నిశ్చింతగా ఉండడానికి వీలులేదు.

మన పల్లెలలో అప్పు పత్రం రాసే పద్ధతి అందరికీ తెలిసినదే. ఎంత తీసుకొన్నారు, ఏ అవసరానికి, ఎప్పటికి తీరుస్తారు, సాక్షులెవరు అన్న నాలుగు సంగతులు అందులో ఉంటాయి. ఆపత్కాలంలో ప్రభుత్వం పౌరుని నుండి తీసుకొనే సమాచారం కూడా అప్పు వంటిదే. అది దానం కాదు. అందుచేత పౌరుడు నాలుగు ప్రశ్నలు అడగాలి. అవసరమైనంతే తీసుకొన్నారా? చెప్పిన పనికే వాడుతున్నారా? గడువు తీరగానే తుడిచివేస్తారా? ఇవి సరిగా జరుగుతున్నాయని చూడడానికి న్యాయస్థానమో, చట్టసభయో సాక్షిగా ఉన్నదా? ఈ నాలుగింటికీ సమాధానం దొరికిన చోట ప్రజలు తమ ఫోన్‌నే కాదు, తమ నమ్మకాన్ని కూడా ప్రభుత్వం చేతిలో పెడతారు. సమాధానం దొరకని చోట ఫోన్‌ను ఇంట్లో వదలి బయటకు వెళతారు. తల్లి బిడ్డను కనిపెట్టుకొని ఉన్నట్లుగా ప్రభుత్వం ప్రజలను కనిపెట్టి ఉండాలంటే, ముందుగా ఆ ప్రశ్నలకు ఓర్పుతో బదులు చెప్పడం నేర్చుకోవాలి.

పదాలు – అర్థాలు

చారుడు = గూఢచారి, వేగులవాడు
చక్షువు = కన్ను
నెపం = సాకు
సోదా = వెతుకులాట, తనిఖీ
ధర్మాసనం = తీర్పు చెప్పే న్యాయమూర్తుల బృందం
ఉదంతం = వృత్తాంతం
సమంజసం = తగినది, న్యాయమైనది
సమ్మతి = అంగీకారం
ఆపత్కాలం = కష్టసమయం

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గోప్యతా హక్కు విషయంలో మన న్యాయస్థానాల అభిప్రాయం కాలక్రమంలో ఎలా మారిందో వివరించండి.
2. కోవిడ్ కాలంలో వివిధ దేశాలు ఫోన్ సమాచారాన్ని వినియోగించిన తీరును పోల్చి రాయండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘కనిపెట్టు’ అనే క్రియలోని రెండు అర్థాలను రచయిత పాఠానికి ఎలా అన్వయించారు?
2. 1897 నాటి పూనా ఘటనల నుండి గ్రహించవలసిన పాఠం ఏమిటి?
3. దాపరికానికి, గోప్యతకు గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఖరక్‌సింగ్ కేసులో విభేదించిన తెలుగు న్యాయమూర్తి ఎవరు?
2. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు ఏ రోజున ప్రకటించింది?
3. ఆరోగ్యసేతు సమాచారాన్ని సాధారణంగా ఎన్ని రోజులకు మించి ఉంచరాదని నియమావళి చెప్పింది?

భాషాంశాలు

సంధులు
ప్రజారోగ్యం = ప్రజా + ఆరోగ్యం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
లోకోక్తి = లోక + ఉక్తి – గుణ సంధి
ఉన్నప్పుడు = ఉన్న + అప్పుడు – అత్వ సంధి

సమాసాలు
చారచక్షువు = చారులే చక్షువులుగా గలవాడు – బహువ్రీహి సమాసం
రాకపోకలు = రాకయు, పోకయు – ద్వంద్వ సమాసం
రోగభయం = రోగం వలన భయం – పంచమీ తత్పురుష సమాసం
నాలుగు ప్రశ్నలు = నాలుగు అను సంఖ్య గల ప్రశ్నలు – ద్విగు సమాసం